ఎనిమిదో పాయింట్

నిన్న మధ్యాహ్నం మెయిల్‌బాక్స్ తెరవగానే కూపన్ల కట్ట చేతిలోకి జారింది. వానకు తడిసిన గాలి, కొత్త సిరా వాసన, నున్నటి కాగితం. పిజ్జా, కార్పెట్ క్లీనింగ్, ఆయిల్ చేంజ్. అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధివాళ్లందరూ ఆ కట్టను విప్పకుండానే రీసైక్లింగ్ డబ్బాలో పడేస్తారు. నేను మాత్రం కారు ఇంజిన్ ఆపకుండా, డ్రైవ్‌వేలో నిలబడే ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను. వెనకవైపు తెల్లగా ఉన్నది దొరికితే ఈ వయసులోనూ గంతేయాలనిపిస్తుంది. బ్రేకులు ఎందుకు ఫెయిలవుతున్నాయో కనిపెట్టే ఇంజినీరువి, నీకిదేం పిచ్చి అని మా ఆయన నవ్వుతాడు. నాకు ఈ పిచ్చి అంటించింది మస్తాన్‌బీ టీచర్ గారు. ఆవిడ బాపట్లలో ముప్పై ఏళ్లు హిస్టరీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆరునెలలు కొడుకు దగ్గర ఉందామని అమెరికా వచ్చి, ఆ ఆరునెలల్లో నా బుర్రను మొత్తం విప్పి మళ్లీ బిగించి వెళ్లారు.

అప్పుడు నాకు పదహారేళ్లు. నరసరావుపేట నుంచి వచ్చి మూడు నెలలయింది. మేముండే అపార్ట్‌మెంట్ బిల్డింగులో కింది అంతస్తులోనే ఖాజా అంకుల్ వాళ్లు ఉండేవారు. ఆయన తల్లే ఈ టీచర్ గారు. మొదటిసారి చూసింది మెట్లకింద, మెయిల్‌బాక్సుల దగ్గర. నేత చీర మీద మగవాళ్ల స్వెటరు, కాళ్లకు సాక్సులు, సాక్సుల మీద హవాయి చెప్పులు. మనిషి నా భుజం దాకా కూడా లేరు, గొంతు మాత్రం మూడో అంతస్తుకు వినపడుతుంది. అందరూ పారేసిన కూపన్లను చెత్తబుట్టలోంచి ఏరి, తెల్లగా ఉన్నవి ఒక పక్కా మిగతావి ఒక పక్కా పెడుతున్నారు. "ఒకవైపు శుభ్రంగా ఉన్న అట్టముక్కని పారేస్తారంటమ్మా! వీళ్లకి రాసుకోడానికేం లేదా?" అన్నారు మా అమ్మతో, ఎప్పటినుంచో తెలిసినట్టు.

మా అమ్మ ఆవిడ పేరు అడిగి తెలుసుకుని, మొహమాటంగానే, "మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చండీ?" అంది. టీచర్ గారు చేతిలో పని ఆపకుండా, "మా అమ్మ దగ్గర నేర్చుకున్నానండీ. మీరెక్కడ నేర్చుకున్నారు?" అన్నారు. మా అమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆ వెంటనే ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. వాళ్లు నూర్‌బాషాలని, దూది ఏకే కుటుంబమని, ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారని ఆ సాయంత్రం చాయ్ తాగుతూ చెప్పారు. ఆ ఒక్క ప్రశ్న గురించి మా అమ్మను ఆరునెలలూ ఆటపట్టిస్తూనే ఉన్నారు.

స్కూల్లో నాకు రోజులో ఎక్కువ భాగం ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లల గదిలోనే గడిచేది. ఒక్క ప్రపంచ చరిత్రకు మాత్రం, నా పాత మార్కుల జాబితా చూసి, అడ్వాన్స్‌డ్ క్లాసులో వేశారు. ఆ గంట కోసమే నేను పొద్దున్నే లేచి బస్సెక్కేదాన్ని. ఆ క్లాసు టీచర్ మిసెస్ కొవాల్‌స్కీ ఒక వ్యాసం రాయమన్నారు. ఇస్లాం తన తొలి రోజుల్లో అంత వేగంగా ఎందుకు వ్యాపించింది? నాకు పండగే అయింది. అమ్మ పెళ్లయ్యాక ప్రైవేటుగా బీఏ కట్టినప్పటి గైడ్ మాతో పాటు సూట్‌కేసులో వచ్చింది. అందులో సరిగ్గా ఇదే ప్రశ్న, కింద ఎనిమిది పాయింట్లు. మూడు రోజులు బట్టీ కొట్టి, ఇంగ్లీషులోకి మార్చి, సైడ్ హెడింగులు పెట్టి, ఒక్కోదాని కింద నల్ల స్కెచ్ పెన్‌తో రెండేసి గీతలు గీశాను. మా ఊళ్లో అయితే ఆ పేపరును క్లాసంతా తిప్పి చూపించేవారు.

పేపరు తిరిగొచ్చేసరికి పైన మార్కు లేదు. ఊదా సిరాతో రెండు వాక్యాలున్నాయి. "నీ ఎనిమిది కారణాలూ చదివాను. నువ్వేమనుకుంటున్నావో మాత్రం తెలియలేదు." రెండు వారాల్లో క్లాసు ముందు నిలబడి నా వాదన చెప్పి, అడిగిన ప్రశ్నలకు జవాబు ఇవ్వాలన్నారు. అది కుదరకపోతే నన్ను మామూలు క్లాసుకు మారుస్తారు. అంటే ఆ ఒక్క గంట కూడా పోతుందన్నమాట. బస్సులో ఏడుపు ఆపుకున్నాను. మెట్లకింద టీచర్ గారు కనపడగానే ఆపుకోలేకపోయాను. నేను అనుకోవడమేమిటి? లెక్చరర్లు రాసిన గైడ్ అది. వాళ్ల కంటే ఎక్కువ నాకేం తెలుసని?

టీచర్ గారు నన్ను వాళ్ల వంటింట్లో బల్ల దగ్గర కూచోబెట్టి, "ఏడిస్తే ఏడిచావు గానీ, ఏం రాశావో తెలుగులో అప్పజెప్పు" అన్నారు. నేను గడగడా మొదలుపెట్టాను. మతంలోని నిరాడంబరత, సమానత్వ భావన, ఖలీఫాల సమర్థత, ఖడ్గబలం... నాలుగో పాయింటు దగ్గర చూస్తే ఆవిడ పెదవులు నాతో పాటే కదులుతున్నాయి. అయిదు, ఆరు, ఏడు కూడా అంతే. ఎనిమిదో పాయింటును నేను నోరు తెరిచేలోపే ఆవిడే అందుకున్నారు. "ఎడారి జీవితము అరబ్బులను దృఢకాయులుగా తీర్చిదిద్దినది."

"మీకెలా తెలుసు టీచర్ గారూ?"

"రాసింది నేనే కాబట్టి."

గైడ్ మీద ఆవిడ పేరు లేదు. 'అనుభవజ్ఞులైన అధ్యాపకులచే' అని మాత్రమే ఉంది. సాక్షాత్తూ గైడే నా ఎదురుగా స్వెటరు వేసుకుని కూచున్నట్టయింది. ఇక నా కష్టాలు తీరినట్టేననుకున్నాను. ఆవిడ ముఖం మాత్రం వాడిపోయింది. "ఏడే రాసిచ్చానమ్మాయ్. ప్రింటింగ్ ఆయన ఒప్పుకోలా. పేజీలో చోటు మిగిలింది, ఇంకోటి కావాలండీ అన్నాడు. ఆయన పంపిన కుర్రాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఎనిమిదోది అల్లాను. ముప్పై ఏళ్లుగా పిల్లలు దాన్ని బట్టీ కొడుతున్నారు. ఇప్పుడు నువ్వు దాన్ని సముద్రం దాటించావు" అన్నారు. తరవాత ఒక్క ఉదుటున లేచి, కూపన్ల డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించారు.

ఆ సాయంత్రం మొదలైంది అసలు పండగ! ఎనిమిది కూపన్ల వెనక ఎనిమిది కారణాలు నాచేత రాయించారు. వాటిని బల్లమీద పరిచి, "ఇప్పుడు ఒక్కోటీ తీసి చూద్దాం. తీసేసినా కథ అట్టాగే నడిస్తే అది కారణం కాదు, పేజీ నింపడానికి పెట్టింది" అన్నారు. ముందు తన ఎనిమిదోదే ఎత్తారు. "ఎడారి ఎప్పట్నించి ఉందే?"

"ఎప్పట్నించో ఉంది."

"వాళ్ల కండలు?"

"అవీ ఎప్పట్నించో ఉన్నాయి."

"మరి వందల ఏళ్లు ఊరికే కూచుని, అప్పుడే ఎందుకు బయల్దేరారు?" అని ఆ అట్టను వెనక్కి విసిరేశారు. అది వెళ్లి సింకులో పడింది. ముప్పై ఏళ్లు అచ్చయిన పాయింటు, పది సెకన్లలో గిన్నెల మధ్య తడుస్తోంది. నా చెయ్యి దానంతటదే ఖడ్గబలం మీదికి వెళ్లింది. "టీచర్ గారూ, కత్తులు అవతలివాళ్లకీ ఉన్నాయి కదా? రోము వాళ్లకీ పర్షియా వాళ్లకీ ఇంకా ఎక్కువే ఉండుంటాయి. మరి ఎక్కువున్న వాళ్లు ఓడిపోవడానికి కత్తి కారణం ఎలా అవుతుంది?" ఆవిడ సింకు వైపు చూపించారంతే. విసిరేశాను. చదువులో ఏదైనా విసిరేయవచ్చని నాకు తెలిసింది ఆ రోజే. ఇంటికి వెళ్లేటప్పుడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఆ శనివారం ఖాజా అంకుల్ మమ్మల్ని లైబ్రరీ దగ్గర దించి వెళ్లారు. టీచర్ గారు పెద్ద అట్లాసు తీయించి, పశ్చిమాన స్పెయిను దాకా తూర్పున సింధు దాకా ఒకటే ఆకుపచ్చ రంగు వేసిన పటం తెరిచారు. "ఇది చూస్తే నీకేమనిపిస్తోంది?" అని అడిగారు. ఇంతమంది ఇంత తొందరగా మతం ఎలా మారారా అనిపిస్తోందన్నాను. "అదిగో, నేనూ పిల్లల్ని అక్కడే ముంచాను. ఈ రంగు ఏలినవాళ్లదమ్మా. లోపలున్న జనం రంగు ఎవరేశారు? పన్ను కట్టి మీ గుడికి మీరు పోండని చాలాచోట్ల వదిలేశారు. ఏలుబడి ఒక మనిషి జీవితకాలంలో అక్కడిదాకా వెళ్లింది. ఈజిప్టులోనూ, ఇరాన్‌లోనూ పల్లెల్లో జనం మారడానికి తరాలు పట్టింది. నేను రెంటినీ కలిపి ఒక్క ప్రశ్న చేసి, దానికి ఎనిమిది జవాబులు అంటించాను."

"మరి మీ వాళ్లు ఎప్పుడు మారారు టీచర్ గారూ?" అన్నాను. అడిగాక, అడగకూడదేమోనని నాలుక్కరుచుకున్నాను.

"అది చాలా తరవాతి కథలే. మా నాయనమ్మనడిగితే, ఒక ఫకీరు దూదికొట్టం ముందు ఆగి అన్నం అడిగాడనేది. పెట్టిన అన్నం మావాళ్ల పక్కనే కూచుని తిన్నాడంట. అప్పటిదాకా బయటివాడు ఎవడూ వాళ్ల పక్కన కూచుని తినలేదంట. నిజమో అబద్ధమో నాకు తెలీదు. కానీ ఆ కథలో గుర్రం లేదు, కత్తి లేదు చూడు." లైబ్రరీ అని మరిచిపోయి గట్టిగా నవ్వారు. డెస్క్ దగ్గరున్నావిడ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

ఇంకో సందేహం నన్ను తొలుస్తోంది. బయట బెంచీ మీద కారు కోసం ఎదురుచూస్తూ అడిగేశాను. "మీ లెక్కలో దేవుడే చేశాడనాలి కదా? మరి ఇవన్నీ ఎందుకు వెతుకుతున్నారు?" ఆవిడ శాలువా సర్దుకుని, నెమ్మదిగా జవాబు చెప్పారు. "నమాజులో ఉన్నప్పుడు నా జవాబు అదే. కానీ పేపర్లో అది రాసేస్తే ఇంకెవరూ రెండో ప్రశ్న అడగలేరు. నాకు రెండో ప్రశ్న ఇష్టం." నాకు అప్పటివరకూ ఇష్టమంటే సినిమాలు, మామిడికాయ ముక్కలు. ఒక మనిషి ప్రశ్నను ఇష్టపడటం అదే మొదటిసారి చూడటం.

క్లాసుకు ఇంకా మూడు రోజులుందనగా బల్లమీద మూడు అట్టలు మిగిలాయి. విడివిడి తెగలను ఒక్క సమాజంగా కట్టిన విశ్వాసం ఒకటి. ఒకరితో ఒకరు ఏళ్లతరబడి పోరాడి డస్సిపోయిన రోము, పర్షియా సామ్రాజ్యాలు రెండోది. ఓడినవాళ్ల గుడినీ భూమినీ చాలావరకు వాళ్లకే వదిలిన పాలన మూడోది. నేను ఆ మూడూ ముద్దుగా చూసుకుంటుంటే టీచర్ గారు టక్కున మొదటి అట్ట లాగేశారు. "ఇది అక్కర్లేదు. రెండు రాజ్యాలూ చితికిపోయినయ్. అప్పుడు ఎవరొచ్చినా గెలుస్తారు."

నేను సరేనన్నాను. మా ఊళ్లో లెక్చరర్ మాటకు ఎదురుచెప్పే అలవాటు ఎవరికుంది? ఆవిడ ఆ అట్టను సింకు వైపు చాచారు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "ఆగండి టీచర్ గారూ. ఎవరొచ్చినా గెలుస్తారంటే, అంతకుముందు సరిహద్దు ఊళ్ల మీద పడ్డ తెగలు ఏం చేశాయి? దోచుకుని ఇళ్లకు పోయేవాళ్లని మీరే చెప్పారు. వాళ్లలో వాళ్లకే పడేది కాదని కూడా చెప్పారు. మరి ఈసారి ఒక్క మాట మీద ఎందుకు నిలబడ్డారు? ఎందుకు వెనక్కి పోలేదు? అవతలివాడు అలిసిపోతే తలుపు తెరుచుకుంటుంది, అంతే. లోపలికి వెళ్లినవాళ్లు ఎందుకు కలిసి వెళ్లారో అది చెప్పదు. మీరు తప్పు!" అని ఆవిడ చేతిలోంచి అట్ట లాక్కుని బల్లమీద పెట్టాను. పెద్దావిణ్ణి, అందులోనూ టీచర్‌ని, పట్టుకుని తప్పు అన్నాను. మా అమ్మకు తెలిస్తే నా వీపు విమానం మోతే.

స్టవ్ మీద పాలు పొంగిపోయి మాడువాసన వచ్చింది. ఆవిడ అటు చూడనే లేదు. చప్పట్లు కొడుతూ హాల్లోకి పరుగెత్తారు. "ఖాజా! ఒరే ఖాజా! ఈ పిల్ల నన్ను తప్పందిరా! నన్ను!" ఖాజా అంకుల్ కంగారుగా లేచి నాకు సారీ చెప్పబోయారు, నేను ఆయనకు చెప్పబోయాను. టీచర్ గారు మా ఇద్దరినీ పట్టించుకోకుండా వెనక్కొచ్చి నా బుగ్గలు రెండూ పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు. "ముప్పై ఏళ్లలో ఒక్కళ్లు నన్ను కాదనలా. వాళ్ల తప్పు కాదు. కాదనడానికి వీల్లేకుండా నెంబర్లేసి ఇచ్చింది నేను."

ఆ తరవాతి గంట ఎలా గడిచిందో చెప్పలేను. ఇద్దరం ఒకరి మాటకు ఒకరం అడ్డుపడుతూ, మాడిన పాలతోనే చాయ్ తాగుతూ, బల్లచుట్టూ తిరిగాం. వాళ్లను ఏది కదిలించింది? ఎవరూ ఎందుకు ఆపలేకపోయారు? వెళ్లినచోట ఎలా నిలిచారు? మూడు అట్టలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని కనిపెట్టింది ఎవరం? ఆవిడ నేనని చెప్పేవారు. నాకు ఆవిడేనని గుర్తు.

పారేసినవి కూడా మళ్లీ రాసుకుని, క్లాసులో ఎనిమిది అట్టలూ బోర్డుకు అంటించడానికి వెళ్లి, కంగారులో బొమ్మలవైపు బయటికి పెట్టాను. పిజ్జాలు, కార్పెట్లు, ఆయిల్ డబ్బాలు. క్లాసంతా గొల్లుమంది. గబగబా తిప్పి పెట్టాను. నా ఇంగ్లీషు అక్కడక్కడా తెగిపోయింది గానీ, ఒక్కో అట్ట తీసి కింద పడేస్తుంటే నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలో ఒకడు, "ఇంత గొడవెందుకు, అంతా కత్తే కదా?" అన్నాడు. మరి కత్తులు తక్కువున్నవాళ్లు గెలిచారెందుకని అడిగాను. వాడు నిజంగానే ఆసక్తిగా ముందుకు వంగాడు. చివర్లో మిసెస్ కొవాల్‌స్కీ లేచి వచ్చి, సరిగ్గా ఆ మొదటి అట్టనే తీసేసి చేత్తో పట్టుకున్నారు. "ఇది లేకపోయినా నీ వాదన నిలుస్తుందనుకుంటాను" అన్నారు.

మూడు రోజుల కిందటయితే తల ఊపేసేదాన్ని. "నిలవదు మేడమ్. దాన్ని అక్కడ పెట్టేయండి" అన్నాను. ఎందుకో చెప్పాను. ఆవిడ మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా చెప్పాను. ఆవిడ అట్టను తీసినచోటే అంటించి వెళ్లి కూచున్నారు. మర్నాడు నా పాత పేపరు మీద ఊదా సిరాతో కొత్త వాక్యం చేరింది. "ఇప్పుడు తెలిసింది." ఆ కాగితం పట్టుకుని బస్సు దిగి, మంచులో జారుతూ, కింది అంతస్తు తలుపు దబదబా బాదాను. టీచర్ గారు చదివి, ఇందులో మార్కెంతో వేయలేదేమే అన్నారు. ఎంత మారినా లెక్చరర్ లెక్చరరే.

ఆరునెలలూ అయిపోయాయి, ఆవిడ వెళ్లిపోయారు. అప్పుడప్పుడు ఖాజా అంకుల్ ఫోన్‌లో ఆవిడతో మాట్లాడేదాన్ని. ఏం చదువుతున్నావని కాకుండా, ఈమధ్య ఎవర్ని తప్పన్నావని అడిగేవారు. నేను ఇంజినీరింగ్‌లో చేరుతున్నానని చెప్పినప్పుడు బాధపడతారనుకున్నాను. "విరిగిన ముక్కని ఎందుకు విరిగావని అడగడం కూడా హిస్టరీయేగా" అన్నారు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆవిడ పోయారు. ఆ వార్త విని, పార్కింగ్ లాట్‌లో కారులో కూచుని చిన్నపిల్లలా ఏడ్చాను. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

ఆ ఎండాకాలం ఖాజా అంకుల్ బాపట్ల వెళ్లొచ్చి నాకో పొట్లం ఇచ్చారు. లోపల అదే గైడ్. కాలేజీ లైబ్రరీ ముద్ర ఉంది. ఆయనకు అక్కడి లైబ్రేరియన్ చెప్పారట. టీచర్ గారు అమెరికా నుంచి తిరిగొచ్చిన వారంలోనే కత్తెర, జిగురు, తెల్లకాగితాలు పట్టుకుని వచ్చి, ఆ ఎండల్లో రెండు రోజులు అక్కడే కూచున్నారట. అచ్చు మార్చడానికి ప్రింటింగ్ ఆయన ఒప్పుకోలేదని, లైబ్రరీలో ఉన్న ప్రతి కాపీలోనూ తనే సరిచేశారట. గైడ్లు పాడుచేస్తున్నారేంటి మేడమ్ అంటే, పాడుచేసిందెప్పుడో, ఇప్పుడు బాగుచేస్తున్నానన్నారట. నేను పేజీ తెరిచాను. ఏడు పాయింట్లు అలాగే ఉన్నాయి. ఎడారి, దృఢకాయులు ఉన్నచోట తెల్లకాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద ఆవిడ గుండ్రటి చేతిరాతతో '8' అని అంకె వేసి, పక్కన, "ఇది నువ్వు రాయి. మిగతా ఏడూ తీసి చూశాక" అని ఉంది.

ఆ గైడ్ ఇప్పుడు నా ఆఫీసు బల్లమీదే ఉంటుంది. మా ల్యాబ్‌లో ఏ బ్రేకు ముక్క విరిగినా, అందరూ కంప్యూటర్లో పన్నెండు కారణాల జాబితా తయారుచేస్తుంటే, నేను కూపన్లు పరుస్తాను. మొదట్లో నవ్వేవారు, ఇప్పుడు వాళ్లే ఇళ్ల నుంచి తెచ్చిస్తున్నారు. ఈ వారం విరిగిన ముక్క గురించి నాకో గట్టి అనుమానం ఉంది. నిన్న డ్రైవ్‌వేలో, కారు బానెట్ మీదే పెట్టుకుని, పిజ్జా కూపన్ వెనక దాన్ని రాశాను. ఎంత బాగుందో! నాకైతే అదే నిజమనిపిస్తోంది. ఇవాళ పొద్దున బల్లమీద అన్నిటి మధ్యా దాన్ని పెట్టి, ఎవరో చెయ్యి చాచి లాక్కుంటారేమోనన్నట్టు కాసేపు చూశాను. ఎవరూ రాలేదు. అందుకని నేనే తీసి చూశాను.